పంక్చరయ్యాక చూడాలి ట్యూబు సంగతి

మా సైకిల్ వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య ఒక కుర్రాడు అడిగాడు. "కొత్తగా రోడ్ బైక్ కొన్నానన్నా, 28 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు. ట్యూబులు మార్చాలి, ఏవి తీసుకోమంటారు?" పావుగంట తిరక్కుండానే గ్రూపు ముఠాలుగా చీలిపోయింది. టీపీయూ (పల్చటి ప్లాస్టిక్ ట్యూబు) వేసుకో, మామూలు ట్యూబులో మూడో వంతు బరువే అన్నవాళ్ళు కొందరు. లేటెక్స్ (సహజ రబ్బరు ట్యూబు) అంత సాఫీగా ఏదీ దొర్లదన్నవాళ్ళు ఇంకొందరు. అసలు ట్యూబులే దండగ, ట్యూబ్‌లెస్‌కి వెళ్ళిపో అని ఒక పెద్దాయన. అందరూ గ్రాములు చెప్పారు, వాట్లు చెప్పారు, ఏ సైట్లో డిస్కౌంట్ ఉందో చెప్పారు. ఆ కుర్రాడు ఏ రోడ్ల మీద తొక్కుతాడో, ఒంటరిగా వెళ్తాడో గుంపుతో వెళ్తాడో, పంక్చరైతే తనే వేసుకోగలడో లేదో మాత్రం ఒక్కరూ అడగలేదు.

గ్రూపులో రాస్తే ఎవరో ఒకరు మనసు కష్టపెట్టుకుంటారని ఇక్కడ రాస్తున్నాను. గాలి నిలిచి ఉన్నంతసేపూ ఏ ట్యూబైనా దాదాపు ఒకటే. వాటి మధ్య తేడా నిజంగా తెలిసేది గాలి పోయినప్పుడు, రోడ్డు పక్కన సైకిల్ తిరగేసి కూర్చున్నప్పుడు. ఎంచుకునేటప్పుడు ఆలోచించాల్సింది కూడా ఆ పావుగంట గురించే. అలా ఆలోచిస్తే, మన రోడ్ల మీద తిరిగే చాలామందికి వంద గ్రాముల మామూలు బ్యూటైల్ (కృత్రిమ రబ్బరు) ట్యూబే సరైనదని నా నమ్మకం.

గ్రాముల లెక్క

ముందు అవతలివాళ్ళ వాదనకి ఇవ్వాల్సిన మర్యాద ఇస్తాను. 700x25 (25 మిల్లీమీటర్ల వెడల్పు టైరు) సైజులో మామూలు బ్యూటైల్ ట్యూబు 100 గ్రాముల దగ్గర ఉంటుంది. అందులోనే పల్చటి రకం 70. లేటెక్స్ 75, 80. టీపీయూ 30 నుంచి 40. రెండు చక్రాలకీ కలిపి టీపీయూతో 130 గ్రాములు తగ్గుతాయనుకుందాం. సైకిలూ మనిషీ కలిసి 80 కిలోలైతే, ఇది వెయ్యికి రెండు పాళ్ళు కూడా కాదు. గంటసేపు ఆపకుండా ఎక్కే నిటారు ఘాట్ రోడ్డు మీద దీనివల్ల కలిసొచ్చేది ఆరు సెకన్లు. మా హైదరాబాదువాళ్ళు మోజుగా వెళ్ళే, వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్ట ఎక్కడానికి గంట పట్టదు కూడా. బాటిల్లో అరగ్లాసు నీళ్ళు తక్కువ పోసుకున్నా అంతే ఆదా.

"తిరిగే బరువు కదా, రెండింతలతో సమానం" అంటారు. నిజమే, వేగం పెంచేటప్పుడు మాత్రమే. ఒకే వేగంతో పోతున్నప్పుడు, ఎత్తు ఎక్కుతున్నప్పుడు చక్రం అంచున ఉన్న గ్రామూ, జేబులో ఉన్న గ్రామూ ఒకటే. సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరినప్పుడు ఆ కాస్త చురుకుదనం తెలుస్తుందని ప్రమాణం చేసి చెప్పేవాళ్ళున్నారు. కొత్త వస్తువు కొన్న ఉత్సాహంలో నాకూ చాలా తెలుస్తాయి.

దొర్లే నిరోధం సంగతి అలా తీసిపారేయలేం. టైరు నేలని తాకిన చోట అణుగుతుంది, మళ్ళీ లేస్తుంది. దాంతోపాటు లోపల ట్యూబు కూడా ప్రతి చుట్టుకీ మడతపడి సాగుతుంది. ఆ సాగడంలో బ్యూటైల్ కొంత శక్తిని వేడిగా పోగొడుతుంది. లేటెక్స్ అంత పోగొట్టదు. టీపీయూ ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది, రకాన్ని బట్టి. రోలర్ మీద కొలిచినవాళ్ళు గంటకి 30 కిలోమీటర్ల వేగం దగ్గర ఒక్కో టైరుకి రెండు మూడు వాట్ల తేడా చూపిస్తారు. రెండూ కలిపి ఐదనుకుందాం. 150 వాట్లతో తొక్కే మనిషికి ఇది వేగంలో నూటికి ఒకటి కన్నా కాస్త ఎక్కువ. 200 కిలోమీటర్ల బ్రెవేని (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ యాత్ర) ఎనిమిది గంటల్లో తొక్కేవాడికి ఐదారు నిమిషాలు.

ఐదారు నిమిషాలంటే తక్కువేం కాదు, ఒప్పుకుంటాను. టైమ్ ట్రయల్ పోటీలకి వెళ్ళేవాళ్ళు లేటెక్స్ వేసుకోవడంలో తప్పేమీ లేదు. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మీదే రోజూ తొక్కి, సైకిల్ కారుకి తగిలించుకుని ఇంటికెళ్ళేవాళ్ళు కూడా నిక్షేపంగా వేసుకోవచ్చు. కాకపోతే ఆ బ్రెవేకి ఉన్న గడువు పదమూడున్నర గంటలు. మనలో ఎక్కువమంది ఆ గడువులోపు చేరితే చాలనుకునే బాపతు. అలాంటివాళ్ళకి ఒక్క పంక్చర్‌లో పావుగంట పోతే, ట్యూబు రోజంతా కూడబెట్టిన ఐదు నిమిషాలు ఏమూలకి?

చేవెళ్ళ దారిలో

నేను ఇంత గట్టిగా వాదించడానికి కారణం చేవెళ్ళ దారిలో చూసిన ఒక సంగతి. ఆదివారం పొద్దున ఆ దారిలో తొక్కేవాళ్ళకి తెలుసు, చేవెళ్ళ వచ్చేముందు కొంత దూరం పెద్దగా కొట్లుండవు. మాతో వచ్చిన స్నేహితుడి వెనక చక్రం కూర్చుండిపోయింది. రెండు చక్రాల్లోనూ టీపీయూ. సంచిలో ఉన్న స్పేర్ కూడా టీపీయూనే. స్పేర్ వేశాడు. అది ఊరు చేరకముందే మళ్ళీ పోయింది. టైర్లో గుచ్చుకున్న వస్తువు దొరక్కుండానే కొత్త ట్యూబు వేస్తే ఏమవుతుందో అదే అయింది.

తోసుకుంటూ పంక్చర్ షాపుకి వెళ్ళాం. షాపాయన ట్యూబుని వేళ్ళ మధ్య పట్టుకుని నలిపి చూశాడు, వెలుగుకి ఎత్తి చూశాడు. "ఇది రబ్బర్ కాదన్నా. ప్లాస్టిక్ కవర్ లెక్కనే ఉంది. సొల్యూషన్ పట్టది" అన్నాడు. మావాడు నమ్మలేదు, ప్రయత్నించమన్నాడు. ఆయన మొహమాటానికి గీకి, సొల్యూషన్ పూసి, ప్యాచ్ వేసి, సుత్తి పిడితో రెండు దెబ్బలు వేశాడు. నీళ్ళ తొట్టిలో ముంచి రెండు పంపులు కొట్టేసరికి ప్యాచ్ ఒక అంచు నుంచి మెల్లగా లేచి, చెక్కు చెదరకుండా ఊడి నీళ్ళమీద తేలింది. షాపాయన ఏమీ అనలేదు. ప్యాచ్ తీసి ఆరబెట్టుకున్నాడు.

ఆయన అన్నది అక్షరాలా నిజం. టీపీయూ ఒక రకం ప్లాస్టిక్. రబ్బరుని రబ్బరుతో కలిపే సొల్యూషన్ దాని మీద పనిచేయదు. దానికి వేరే ప్యాచులుంటాయి, వేరే జిగురుంటుంది, స్పిరిట్‌తో తుడిచి అతికించాలి. అవి ఆన్‌లైన్లో దొరుకుతాయి, చేవెళ్ళలో దొరకవు. మావాడి ప్రయాణం ఆ రోజు ఆటో ట్రాలీలో ముగిసింది.

ట్యూబు మంచిదా చెడ్డదా అన్నది ట్యూబు ఒక్కదానితో తేలే విషయం కాదు. చుట్టుపక్కల ఏ చేతులున్నాయి, ఏ డబ్బాలో ఏ జిగురుంది అన్నది కూడా అందులో భాగమే. మన దేశంలో ఏ ఊరికి వెళ్ళినా రబ్బరు ట్యూబుకి ప్యాచ్ వేసే మనిషి ఒకడు దొరుకుతాడు. ఇంత పెద్ద సర్వీస్ నెట్‌వర్క్ ఏ సైకిల్ కంపెనీకీ లేదు. దాన్ని 60 గ్రాముల కోసం వదులుకోవడం నాకు తెలివైన బేరంలా కనిపించదు.

ఒక తిరకాసు ఉంది. మన పంక్చర్ షాపులో ఉండే కంప్రెసర్ మోటార్ సైకిల్ వాల్వుకి సరిపోయేది. రోడ్ బైకు ట్యూబుకి ఉండేది ప్రెస్టా, సన్నటి వాల్వు. మధ్యలో చిన్న ఇత్తడి అడాప్టర్ కావాలి. గోలీ అంత ఉండదు, ధర కూడా ఏమంత కాదు. వాల్వుకే బిగించి వదిలేసే వాళ్ళున్నారు, నేను తాళాల గుత్తికి తగిలించుకుంటాను. ఆ అడాప్టర్ లేక, రిమ్ము కన్నాన్ని డ్రిల్లుతో పెద్దది చేసి మోటార్ సైకిల్ రకం వాల్వున్న ట్యూబు వేయించుకున్న మహానుభావుల్ని కూడా చూశాను. సన్నటి రోడ్ రిమ్ముకి ఆ పని చేయకండి. కంప్రెసర్‌తో కొట్టేటప్పుడు కూడా కొంచెం కొంచెంగా ఆపి ఆపి కొట్టమనండి. ఇంత చిన్న ట్యూబు రెప్పపాటులో నిండిపోతుంది.

1891 నాటి పందెం

దారిలో బాగుచేసుకోగలగడమే ముఖ్యమన్న ఈ ఆలోచన నా సొంతమేం కాదు, పందాల చరిత్రలోనే ఉంది. గాలి టైరుని 1888లో డన్‌లప్ మళ్ళీ కనిపెట్టాడు (మళ్ళీ అని ఎందుకన్నానంటే 1845లోనే థామ్సన్ పేటెంట్ తీసుకున్నాడు, ఎవరూ పట్టించుకోలేదు). ఆ తొలినాళ్ళ టైర్లని రిమ్ముకి అతికించేసేవారు. చిల్లు పడితే విప్పి, బాగుచేసి, మళ్ళీ అతికించి ఆరేదాకా గంటలు పట్టేది. మిషెలిన్ సోదరులు 1891లో విప్పి మళ్ళీ బిగించగలిగే టైరు తెచ్చారు. అదే ఏడు మొదటి పారిస్-బ్రెస్ట్-పారిస్ పందెం జరిగింది. సుమారు 1200 కిలోమీటర్లు. ఆ మిషెలిన్ టైర్ల మీద తొక్కిన షార్ల్ తెరోఁ మూడు రోజులు కూడా పూర్తికాకముందే చేరి గెలిచాడు. దారిలో అతనికీ పంక్చర్లయ్యాయి. అతని టైరు గొప్పతనం పంక్చర్ కాకపోవడంలో లేదు, దారిలోనే బాగుచేసుకోగలగడంలో ఉంది. మరుసటి ఏడు ఇంకో పందెంలో మిషెలిన్ వాళ్ళు తమ టైరు ఎంత తొందరగా బాగవుతుందో జనానికి చూపించడానికి రోడ్డు మీద మేకులు కూడా చల్లించారు. వ్యాపారమంటే అంత తెగింపు ఉండాలి కాబోలు.

బ్యూటైల్‌ని పాతకాలపు సరుకనీ లేటెక్స్‌ని ఆధునికమనీ అనుకునేవాళ్ళకి ఇంకో ముక్క. బ్యూటైల్ రబ్బరు 1937లో అమెరికాలో స్పార్క్స్, థామస్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు తయారుచేశారు. అంతకుముందు సైకిల్ ట్యూబులన్నీ సహజ రబ్బరువే. లేటెక్స్ ట్యూబూ సహజ రబ్బరే కాబట్టి రాత్రి నింపిన గాలి తెల్లారేసరికి కొంత దిగిపోతుంది, రోజూ పంపు కొట్టాలి. 27 గంటల గడువున్న 400 కిలోమీటర్ల బ్రెవేలో అర్ధరాత్రి కంట్రోల్ (దారిలో హాజరు వేయించుకునే చోటు) దగ్గర టీ తాగాల్సిన సమయంలో మినీ పంపుతో తంటాలు పడాలి. బ్యూటైల్ వచ్చాక ఆ తంటా తప్పింది.

పంక్చర్ ఎవరి వల్ల

ఇక్కడ నా వాదనకి గట్టి అడ్డు ఒకటుంది. టీపీయూ, లేటెక్స్ చిన్నచిన్న ముళ్ళకి అంత తొందరగా లొంగవని వాడేవాళ్ళు చెబుతారు. లేటెక్స్ బాగా సాగుతుంది కాబట్టి సన్నటి మొన మీద సాగి తప్పించుకునే వీలుంది. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ట్యూబుదాకా ముల్లు వచ్చిందంటే టైరు అప్పటికే ఓడిపోయిందని అర్థం. ముల్లుని ఆపే పని ట్యూబుది కాదు. ఖరీదైన ట్యూబులకి పెట్టే డబ్బు టైరు మీద పెడితే, నేలని తాకే భాగం కింద బలమైన పొర ఉన్న టైరు వస్తుంది. 25 నుంచి 28కో 30కో వెళ్ళి, గాలి కాస్త తగ్గించుకుంటే మన రోడ్ల మీద నడుమూ బాగుపడుతుంది, ట్యూబూ బతుకుతుంది.

మన దగ్గర ట్యూబుల్ని తినేవి మూడు. ఊరి పొలిమేరల్లో పల్లేరు కాయలు, రోడ్డంచున సర్కారు తుమ్మ ముళ్ళు, హైవే మీద లారీ టైర్ల తీగలు. మొదటి రెండూ కంటికి కనబడతాయి, పీకేస్తే పోతాయి. మూడోదే ప్రాణం తీసేది. లారీ టైరు పేలినప్పుడు దాని లోపలి ఉక్కు వల పీలికలై రోడ్డంతా పడుతుంది. వెంట్రుక మందాన, అర సెంటీమీటరు కూడా లేని తీగ ముక్క మన టైర్లో దిగుతుంది. బయటినుంచి కనబడదు. వేలితో తడిమితే చాలాసార్లు తగలదు, తగిలితే వేలికి గుచ్చుకుంటుంది. చిన్న దూది ఉండ తీసుకుని టైరు లోపలి గోడ వెంట ఒక చుట్టు లాగండి. తీగ ఉన్న చోట దూది పోగు చిక్కుకుని ఆగుతుంది. అక్కడ టైరుని రెండు చేతులతో బయటికి వంచితే లోపలివైపు మెరుస్తూ మొన కనబడుతుంది. గోళ్ళతో రాదు. నెయిల్ కట్టర్ అంచుతో పట్టి లాగాలి.

దూది పనికి ముందు వెతకాల్సిన చోటు తెలిస్తే సగం పని తగ్గినట్టే. అందుకే టైరు మీది పేరు వాల్వు దగ్గరే వచ్చేలా బిగిస్తారు. షోకు కోసం అనుకుంటారు కొందరు. ట్యూబులో చిల్లు వాల్వు నుంచి ఎంత దూరాన ఉందో, టైర్లో ముల్లు ఆ పేరు నుంచి అంతే దూరాన ఉంటుంది. చిల్లు ఉన్న తీరు కూడా కథ చెబుతుంది. పాము కాటులా పక్కపక్కన రెండు చిల్లులుంటే గాలి తక్కువై గుంతలో రిమ్ము నొక్కేసిందని. రిమ్ము వైపు చిల్లుంటే స్పోకు కన్నాల మీది టేపు జరిగిందని, అప్పుడు ఎన్ని ట్యూబులు మార్చినా లాభం లేదు, టేపు మార్చాలి. వాల్వు మొదట్లో చిరిగితే పంపు కొట్టేటప్పుడు వాల్వుని అటూ ఇటూ ఊపారని. దానికి ప్యాచ్ పడదు.

ఇంకో అపోహ, ఎండకి ట్యూబు పేలిందనడం. పొద్దున 25 డిగ్రీల్లో 80 పీఎస్ఐ కొట్టి బయల్దేరితే, మధ్యాహ్నం టైరు 45 డిగ్రీలకి చేరినా ఒత్తిడి పెరిగేది ఆరేడు పీఎస్ఐ. దానికే పేలే టైరైతే అది ముందే పాడైపోయిందన్నమాట. చాలాసార్లు జరిగేది వేరు. బిగించేటప్పుడు ట్యూబు టైరు అంచు కింద ఇరుక్కుంటుంది, కాసేపటికి టైరుని ఎత్తేసి ఢామ్మంటుంది. ఆ సమయానికి పైన ఎండ ఉంటుంది కాబట్టి నింద ఎండ మీద పడుతుంది. గాలి కొట్టేముందు టైరుని రెండువైపులా పక్కకి నొక్కి, ట్యూబు ఎక్కడా బయటికి కనబడట్లేదని చుట్టూ చూసుకుంటే ఈ పేలుడు తప్పుతుంది.

చిల్లు పడితే పారేయడమేనా

మా గ్రూపులో ఇంకో అలవాటు నాకు కంటగింపు. ఒక చిల్లు పడితే ట్యూబు చెత్తబుట్టలోకే. ప్యాచ్ వేసిన ట్యూబుని నమ్మకూడదట. ఏడెనిమిది ప్యాచులున్న ట్యూబుతో మా నాన్నగారి తరం బియ్యం బస్తాలు మోసింది. సరిగా వేసిన ప్యాచ్ ట్యూబుతో కలిసిపోతుంది, విడదీయబోతే ట్యూబే చిరుగుతుంది. చాలామందికి ప్యాచ్ ఎందుకు నిలవదంటే తొందర. గరుకు కాగితంతో ప్యాచ్ కన్నా కాస్త పెద్ద మేర మెరుపు పోయేదాకా రుద్దాలి. సొల్యూషన్ పల్చగా పూయాలి. పూశాక తడి మెరుపు పోయి మసకబారేదాకా ఆగాలి, వేలి వెనకభాగం తగిలిస్తే అంటకూడదు. అప్పుడు ప్యాచ్ వేసి లీవరు (టైరు విప్పే పుల్ల) అంచుతో మధ్యనుంచి బయటికి గట్టిగా నొక్కాలి. తడి మీదే అంటించేస్తే అది ఊడక ఏం చేస్తుంది.

పంక్చర్ షాపులో మాత్రం ఒక జాగ్రత్త. వాళ్ళ గరుకు రేకు మందపాటి ట్యూబులకోసం చేసుకున్నది. 70 గ్రాముల పల్చటి రోడ్ ట్యూబు మీద దాన్ని బలంగా గీస్తే చిల్లు పెద్దదవుతుంది. "అన్నా, దీంతో మెల్లగా రుద్దండి" అని మన గరుకు కాగితం చేతికిస్తే వాళ్ళేం అనుకోరు. అందుకే పల్చటి బ్యూటైల్ కన్నా మామూలు వంద గ్రాములదే మేలంటాను.

సైజు విషయంలో కొట్లో చూసుకోండి. కొత్త సైకిళ్ళు 28, 30, 32 టైర్లతో వస్తున్నా చాలా కొట్లలో ఇంకా 18-25 అని రాసి ఉన్న ట్యూబులే చేతిలో పెడతారు. సాగి పడుతుంది, అక్కడే చిక్కు. అంతగా సాగిన రబ్బరు పల్చబడి చిన్న మొనకే లొంగుతుంది. 25-32 అని ఉన్నది అడగండి. వాల్వు పొడవు రిమ్ము లోతు కన్నా ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు ఎక్కువుండాలి, లేకపోతే పంపు పట్టడానికి చోటుండదు.

ట్యూబ్‌లెస్ వాళ్ళకి

ట్యూబ్‌లెస్ పెద్దాయన మాటకీ జవాబు చెప్పాలి. ముళ్ళున్న మట్టి దారుల్లో వెడల్పు టైర్లకి ట్యూబ్‌లెస్‌ని మించింది లేదు, నేనూ ఒప్పుకుంటాను. సన్నటి రోడ్ టైర్లలో గాలి ఒత్తిడి ఎక్కువ కాబట్టి లోపల పోసే సీలెంట్ ద్రవం చిల్లు పూడ్చేలోపే చాలాసార్లు చిమ్మేస్తుంది. మన వేసవికి ఆ సీలెంట్ తొందరగా ఎండిపోతుంది, మళ్ళీ మళ్ళీ పోస్తుండాలి. పెద్ద కోత పడితే ట్యూబ్‌లెస్ వాళ్ళు వేసేది ఏంటి? ట్యూబే. ఆ టైర్లో అప్పటిదాకా సీలెంట్ పూడ్చిపెట్టిన ముళ్ళన్నీ లోపలికి మొనలు పెట్టుకుని ఆ ట్యూబు కోసం కాచుకుని ఉంటాయి. అవన్నీ పీకకుండా ట్యూబు వేస్తే మూడు కిలోమీటర్లు కూడా పోదు.

సంచిలో ఏది

టీపీయూ పట్ల నేను మెత్తబడేది ఒక్క చోటే, సీటు కింద సంచిలో. చిన్నది, తేలిక, ఎంత కాలం మడిచిపెట్టినా చోటు అడగదు. అందుకని రెండో స్పేర్‌గా అది ఉంచుకుంటాను, మొదటి స్పేర్ బ్యూటైల్. మా స్నేహితుడొకడు ఇది తలకిందుల పద్ధతి, ముందు తేలికది వాడాలంటాడు. కానీ టీపీయూ ఒకసారి సాగాక మునుపటి సైజుకి రాదు, మళ్ళీ అంత చిన్నగా మడవలేం. బ్యూటైల్ అయితే ఇంటికొచ్చి ప్యాచ్ వేసుకుని మళ్ళీ సంచిలో పెట్టేసుకోవచ్చు, కాబట్టి ముందు ఖర్చయ్యేది అదే కావాలి. ఏదైనా సరే, పాత సాక్సులో చుట్టి పెట్టండి. సంచిలో మల్టీటూల్ పక్కన ఉత్తగా పడేస్తే దారి పొడుగునా రాసుకుని, అవసరానికి తీసేసరికి స్పేర్‌కే చిల్లు ఉంటుంది.

టీపీయూ కొనేవాళ్ళు ఇంకోటి చూడాలి. కొన్ని రకాల్లో వాల్వు ప్లాస్టిక్‌ది, పైన మరలుండవు. మర తిప్పి బిగించే మినీ పంపులు దాన్ని పట్టవు, జారిపోతాయి. బయట ఉత్తినే గాలి నింపి చూడకండి, ట్యూబు సాగిపోతుంది. కొన్న రోజే మీ పంపు తలని వాల్వుకి తగిలించి, నిలుస్తుందో లేదో మాత్రం ఇంట్లో చూసుకోండి. నిలవకపోతే, గాలి నింపని ట్యూబే కాబట్టి తిరిగి ఇవ్వడానికి వీలుంటుంది.